కొలవనిదే కదలని పెద్దమ్మ

మా పెద్దమ్మ కొలవనిదే ఏదీ నమ్మదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే సరే అంటుంది కానీ, అదికూడా ఎవరో ఎప్పుడో కొలిచి ఉంటారనే ధైర్యంతోనే. మిగతా ప్రపంచాన్నంతా ఆవిడే స్వయంగా టేపు పెట్టి చూసుకోవాలి. దారిలో ఎవరైనా మాటవరసకి "ఇక్కడికి నాలుగడుగులే అమ్మా" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. సరిగ్గా నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి, "వేశాను. ఇల్లేదీ?" అని అడుగుతుంది.

ముప్పై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి. మెడలో పసుపుపచ్చ టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. దాని మొదటి అంగుళం అరిగి ఊడిపోయి చాలా కాలమైంది. కాబట్టి ఏది కొలిచినా వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసెయ్యాలి. ఆ సంగతి ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి జ్వరంగా ఉండి టేపు లేకుండా వాకిట్లోకి వస్తే, పదేళ్లుగా ఆవిడ చేతి అన్నం తింటున్న మా కుక్క ఎవరో కొత్తమనిషి అనుకుని మొరిగింది.

ఆవిడ పెళ్లి కూడా టేపుతోనే కుదిరింది. మధ్యవర్తి వచ్చి, అబ్బాయి ఆరడుగుల అందగాడని చెప్పి వెళ్లాడట. అబ్బాయి తరఫువాళ్లు వచ్చి కూర్చున్నాక, పెద్దమ్మ అతన్ని లేచి గోడకి ఆనుకుని నిలబడమంది. అయిదడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. పెద్దమ్మ తాపీగా, "ఆరడుగులని మీరెప్పుడైనా చెప్పారా?" అని అడిగింది. తను ఎప్పుడూ కొలుచుకోలేదని అతను బిక్కమొహం వేశాడు. "అయితే తప్పు చెప్పినాయనది, మీది కాదు," అని పెళ్లికి ఒప్పుకుంది. ఆ అబ్బాయే మా పెదనాన్న. ఇప్పటికీ ఏదైనా చెప్పేముందు ఒకసారి గోడవైపు చూస్తాడు.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. మిగతా పిల్లల చిన్నతనం ఆటపాటల్లో గడిస్తే, నాది టేపు రెండో కొస పట్టుకోవడంలో గడిచింది. పెద్దయ్యాక మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు, ఇక ఆ కొస వదిలిందని సంతోషించాను. అంతలో పెద్దమ్మ వార్డు ఎన్నికల్లో నిలబడింది.

ఎదుటి అభ్యర్థి ప్రతి సభలోనూ ప్రజల నాడి తనకి తెలుసని చెప్పుకునేవాడు. పెద్దమ్మ ఒక్క సభే పెట్టింది. "నాడి సంగతి నాకు తెలియదు. మీ కొలతలు తెలుసు," అని కూర్చుంది. వార్డులో సగంమంది ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లే. ఎవరి నడుము ఎంతో బయటపెట్టకుండా ముప్పై ఏళ్లు గుట్టుగా ఉన్న మనిషిని నమ్మచ్చనుకున్నారు. గెలిపించారు.

కౌన్సిల్లో ఛైర్మన్ ఆవిణ్ణి ఒక్కసారి ఎగాదిగా చూసి, ఎవరూ అడగని ఉపసంఘంలో వేశారు. పాఠశాల భవనాల మరమ్మతులు, అగ్నిమాపక సేవల పర్యవేక్షణ. ఆ రెండింటినీ ఒకే గాటన ఎందుకు కట్టారో ఎవరికీ తెలియదు. బహుశా రెండూ మిగిలిపోయి ఉంటాయి. ఆ ఉపసంఘానికి మినిట్స్ రాసే గుమాస్తాని నేనే. అలా టేపు రెండో కొస మళ్లీ నా చేతికొచ్చింది. ఇంట్లో పెద్దమ్మ, ఆఫీసులో మేడం అని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. నేను ఆ మాట మీదే ఉన్నాను. ఆవిడ మాత్రం నిండు సమావేశంలో, "ఇలా వచ్చి పట్టుకోవే," అనేసి, గుర్తొచ్చి, "పట్టుకోండి," అని దిద్దుకునేది.

మొదటి సమావేశంలోనే ఇంజనీరు దొరికిపోయాడు. మనిషి మంచివాడే, పనిమంతుడే. కాకపోతే కాగితం మీద అపారమైన భక్తి. మా వార్డు బడిలో మేడమీద గది గోడకి వెంట్రుకవాసి బీట ఉందని, కంగారు పడాల్సిన పని లేదని చదివాడు.

"ఎవరి వెంట్రుక?" అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు వెళ్లి చూస్తే ఆ బీటలో ఆవిడ చిటికెనవేలు దూరింది. తరవాతి సమావేశంలో ఇంజనీరు, మేడం గోరంతది కొండంత చేస్తున్నారని నొచ్చుకున్నాడు. పెద్దమ్మ లేచి ఆయన దగ్గరికి వెళ్లి, ఆయన చెయ్యి తీసుకుని, బొటనవేలి గోరు కొలిచింది.

"మీ గోరు అర అంగుళం. బీట ముప్పావు అంగుళం. కొండ మాట నేనెత్తలేదు బాబూ, మీరే ఎత్తారు," అని తిరిగి వచ్చి కూర్చుంది.

సభలో జరిగింది జరిగినట్టు రాయడం నా ఉద్యోగ ధర్మం కాబట్టి, "ఇంజనీరు గారి గోరు అర అంగుళంగా నిర్ధారించడమైనది" అని రాశాను. ఛైర్మన్ ఆ పేజీ మీద సంతకం పెట్టేముందు చాలాసేపు నావైపే చూశారు. బీట మాత్రం పది రోజుల్లో పూడింది.

ఆ తరవాత పెద్దమ్మకి బడిలో అడుగుపెట్టనిదే తోచేది కాదు. పిల్లలు ఆవిడకి టేపు పెద్దమ్మ అని పేరు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ మొదట్లో ఆవిణ్ణి చూస్తే హడలిపోయేది. ఆ హడలు మెట్ల దగ్గర పోయింది. మేడమెట్లలో ఏడోది అచ్చిరాదని బడిలో అనాదిగా ఒక నమ్మకం. పిల్లలు అక్కడే పడతారు, టీచర్లు అక్కడే తూలతారు, కిందటేడు ఒక తనిఖీ అధికారి కూడా సరిగ్గా అక్కడే బోర్లా పడ్డాడు. పిల్లలు దాన్ని దాటి ఎనిమిదో మెట్టు మీదికి గెంతడం అలవాటు చేసుకున్నారు. పెద్దమ్మ కూర్చుని అన్ని మెట్లూ కొలిచింది. అన్నీ ఆరంగుళాలు, ఏడోది మాత్రం ఏడున్నర, దాని పైది నాలుగున్నర. "పాపం, దీనికి శాపమేం లేదు. కాస్త పొడుగు ఎక్కువ," అంది. మేస్త్రీ వచ్చి చెక్కేశాడు. పిల్లలు మాత్రం ఇంకో రెండు నెలలు అలవాటుకొద్దీ గెంతుతూ, ఈసారి ఎనిమిదో మెట్టు మీద పడ్డారు.

ఇలా ఉండగా బడి మరమ్మతులు పూర్తయ్యాయి. పాత గేటు తీసేసి, పైన సిమెంటు కమానుతో కొత్త ద్వారం కట్టారు. ప్రారంభోత్సవానికి ముందు అగ్నిప్రమాద భద్రత పత్రం మీద మా ఉపసంఘం సంతకం కావాలి. అందులో ఒక ప్రశ్న, ఫైరింజను ఆవరణలోకి రాగలదా అని. ఇంజనీరు అప్పటికే "రాగలదు" అని రాసి తెచ్చాడు.

"కొలిచారా?" అంది పెద్దమ్మ.

ఇంజనీరు ఆ రోజు సిద్ధపడే వచ్చాడు. రెండు కాగితాలు బల్లమీద పరిచాడు. కమాను ఎత్తు పదకొండు అడుగులని ఒకటి. ఫైరింజను ఎత్తు పది అడుగులని ఇంకోటి. పదకొండులోంచి పది పోతే ఎంతో పిల్లలు కూడా చెబుతారన్నాడు. మిగతా సభ్యులు తలలూపారు. పెద్దమ్మ కూడా ఆ లెక్క ఒప్పుకుంది. ఒప్పుకుని, టేపు సర్దుకుని లేచింది. మూడు సంతకాలు పడి నాలుగోది ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం బడి గేటు దగ్గర ఉన్నాం. నేను నిచ్చెనెక్కి కొస పట్టుకున్నాను; టేపు చాలనిచోట సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ కొలిచాం. పది అడుగుల నాలుగంగుళాలు. ఎనిమిది అంగుళాలు ఎటు పోయాయో అర్థం కాక పెద్దమ్మ గేటు చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఏదైనా కొలతకి లొంగకపోతే ఆవిడ మొహంలో కోపం రాదు, కొత్త బొమ్మ చూసిన పసిపిల్లలా అయిపోతుంది. చివరికి నేలవైపు చూసింది. వానలకి గేటు దగ్గర నీళ్లు నిలుస్తున్నాయని, కమాను కట్టిన నాలుగు నెలలకి రోడ్ల విభాగంవాళ్లు వచ్చి అక్కడ కాంక్రీటు వాలు పోశారు. దాని మందం ఎనిమిది అంగుళాలు. కమాను పెరగలేదు, తరగలేదు. నేలే పైకి లేచింది.

మర్నాడు ఫైర్ స్టేషన్‌కి వెళ్లాం. అరవై రెండేళ్ల పెద్దమ్మ ఫైరింజను ఎక్కుతుంటే సిబ్బంది అంతా బయటికొచ్చి నిలబడ్డారు. పైన కొత్త నిచ్చెన తళతళ మెరుస్తోంది. అది వచ్చి ఏడాది కూడా కాలేదని, పాతదానికన్నా ఎంతో మేలని స్టేషన్ ఆఫీసర్ మురిసిపోతూ చెప్పారు. ఆ నిచ్చెనా, దాన్ని బిగించిన చట్రమూ కలిసి బండి ఎత్తుని ఏడంగుళాలు పెంచాయి. పది అడుగుల ఏడంగుళాలు. నన్ను కిందికి పంపి రాసుకోమంది. నేను రాసుకుని తలెత్తేసరికి ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. టేపుని కళ్ల దగ్గర పెట్టుకుని ముందు అద్దంవైపు లాగుతోంది. ఇరవై నిమిషాలు దిగలేదు. అమ్మగారికి బండి నడపాలని సరదా పుట్టిందని సిబ్బంది నవ్వుకున్నారు. నేను కూడా అదే అనుకుని, ఆఫీసుకి ఆలస్యమవుతోందని విసుక్కున్నాను.

మొత్తానికి తేలింది మూడంగుళాల తేడా. నాలుగువందల మంది పిల్లలున్న బడి. నిప్పంటుకుంటే ఫైరింజను వచ్చి గేటు బయట నిలబడి చూడాలి.

సమావేశంలో ఈ సంగతి చెబితే ఇంజనీరు మొహం ఎర్రబడింది. రెండు శాఖలు సంతకాలు పెట్టిన కాగితాలని కాదని, ఒక దర్జీ టేపుని నమ్మమంటారా అని అడిగాడు. అందులో మొదటి అంగుళం లేదని కూడా ఎలాగో కనిపెట్టేశాడు. మిగతా సభ్యులు గుసగుసలాడారు. పెద్దమ్మ ఏమీ అనుకోలేదు. పది అడుగుల ఏడంగుళాల కర్ర ఒకటి నిలబెట్టి కమాను కింద నడిపిద్దామని, అయిదు నిమిషాల పని అని చెప్పింది. కర్రలతో తనిఖీలు చేసే ఆఫీసు కాదు మాదని ఇంజనీరు పట్టుబట్టాడు. బండినే రప్పిస్తానన్నాడు. రప్పించాడు.

సోమవారం పొద్దున పిల్లలంతా వరండాల్లో బారులు తీరారు. ఫైరింజను గంట మోగించుకుంటూ వచ్చింది. ఇంజనీరు గేటు లోపల నిలబడి, రమ్మని చెయ్యి ఊపాడు. ముందు భాగం కమాను కిందికి చక్కగా వచ్చింది. ఇంజనీరు పెద్దమ్మవైపు ఒక చూపు చూసి, ఇంకా ఊపాడు. ముందుచక్రాలు వాలు ఎక్కేకొద్దీ నిచ్చెన కూడా పైకి లేచింది. కీచుమని ఒక శబ్దం వచ్చింది. తరవాత ఇంకేమీ రాలేదు. బండి ముందుకి కదలదు, వెనక్కి కదలదు. కమాను నెత్తిన పెట్టుకుని నిలబడిపోయింది.

పిల్లల ఆనందానికి అంతు లేదు. హెడ్‌మిస్ట్రెస్ నిశ్శబ్దం అని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి తను కూడా నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. కమాను పగలగొడదామని ఒకరు, నిచ్చెన కోసేద్దామని ఒకరు. పెద్దమ్మ వంగి చక్రం కొలిచి, గాలి తీస్తే బండి మూడున్నర అంగుళాలు దిగుతుందని చెప్పింది. గాలి తీశారు. బండి నిట్టూర్చినట్టు కిందికి దిగి, కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. నిచ్చెన ఒక చివర వంగిపోయింది.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. తరవాత నవ్వులు ఆగిపోయాయి. ప్రభుత్వ సామాను వంగితే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. పై ఆఫీసు నుంచి విచారణాధికారి వచ్చాడు. అడిగిన ప్రతి ఒక్కరి దగ్గరా కాగితం ఉంది. ఇంజనీరు దగ్గర కమాను కాగితం, స్టేషన్ ఆఫీసర్ దగ్గర బండి కాగితం, రోడ్ల విభాగం దగ్గర వాలు కాగితం. కాగితం లేనివాడు ఒక్కడే, డ్రైవరు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవబోతున్న మనిషి. ఏం చెప్పుకుంటావని అధికారి అడిగితే, "రమ్మన్నారండి, వచ్చాను," అన్నాడు. ఎదురుగా అంత కమాను కనిపిస్తుంటే ఆపుకోవాలి కదా అని అధికారి రాసుకోబోయాడు. డ్రైవరు నిర్లక్ష్యం అనే మాట సగం దాకా పడింది. ఎదురు బల్ల నుంచి నాకు తలకిందులుగా కనిపించింది.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"కనిపించదండి," అంది.

"ఏది కనిపించదు?"

"కమాను. నేను ఆ సీట్లో కూర్చుని కొలిచాను. డ్రైవరు కళ్లకీ ముందు అద్దం పైఅంచుకీ మధ్య ఉన్న ఏటవాలునిబట్టి చూస్తే, కమాను అడుగుభాగం పద్దెనిమిది అడుగుల దూరం వరకే కనిపిస్తుంది. ఇంకా దగ్గరికొస్తే బండి పైకప్పు కప్పేస్తుంది. నెత్తిమీది నిచ్చెన ఎలాగూ కనిపించదు. అక్కణ్ణుంచి ఆయనకి కనిపించేది ఒక్కటే, ఎదురుగా ఊపే చెయ్యి."

గదిలో ఉన్నవాళ్లందరూ ఇంజనీరు చెయ్యివైపు చూశారు. ఆయన దాన్ని మెల్లగా బల్లకిందికి దించుకున్నాడు. ఇన్నాళ్ల కచ్చ తీర్చుకునే సమయం వచ్చిందనుకున్నాను. పెద్దమ్మ మాత్రం ఆయనవైపు తిరిగి చూడనైనా చూడలేదు.

"ఆ చేతిదీ తప్పు కాదండి," అంది. "ఆయన కాగితం రాసిన రోజున కమాను పదకొండు అడుగులే. కింద వాలు తరవాత పోశారు. ఫైర్ స్టేషన్‌వాళ్లు రాసిన రోజున బండి పది అడుగులే. నిచ్చెన తరవాత వచ్చింది. రెండు కాగితాలూ నిజమే చెప్పాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, అంతే."

అధికారి నమ్మలేదు. బండిని బడి గేటు ముందు నిలబెట్టించి, తనే డ్రైవర్ సీట్లో కూర్చుని, కొస నా చేతికిచ్చి కొలిపించుకున్నాడు. పద్దెనిమిది అడుగుల అంగుళం వచ్చింది. ఆయన పెద్దమ్మకన్నా కాస్త పొడగరి. దిగివచ్చి, సగం రాసిన మాట కొట్టేశాడు. ఇక మీదట ఇలాంటి పత్రం మీద సంతకం పెట్టేముందు అన్ని శాఖలవాళ్లూ ఒకేచోట నిలబడి, ఒకేసారి కొలవాలని రాశాడు. కమాను తీసేయించారు. ఆ పని ఇంజనీరే దగ్గరుండి చేయించాడు. ఆ తరవాత ఆయన జేబులో కూడా ఒక చిన్న టేపు కనిపించసాగింది. దానికి మొదటి అంగుళం ఉందని నాకు మరీ మరీ చూపించాడు.

ఇంటికి వెళ్లే దారిలో నా కుతూహలం ఆగలేదు. బండి ఎత్తు కొలవడానికి వెళ్లినవాళ్లం, డ్రైవర్ కంటిచూపు ఎందుకు కొలిచినట్టు? బండి ఇరుక్కుంటుందని ముందే తెలుసా అని అడిగాను. అలాంటి జోస్యాలు తనకి తెలియవంది. మరెందుకని పట్టుబడితే నడక ఆపింది.

"గుడ్డ బిగుతైతే తప్పెవరిదే?"

"కుట్టినవాళ్లది," అన్నాను.

"అంతే కదా. ఒళ్లు పెరిగిందని ఎవరూ ఒప్పుకోరు. ముప్పై ఏళ్లు అనిపించుకున్నాను. అందుకే ఏదైనా బిగుతయ్యేలా కనిపిస్తే, చివరికి ఎవరి మీద పడుతుందో ఆ మనిషి చుట్టూ ముందే కొలిచి పెట్టుకుంటాను. పనికొస్తే వస్తుంది, లేకపోతే లేదు."

ఆ మాట విన్నాక నాకు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. బీట కొలిచిన రోజున ఆ గది ఊడ్చే ఆయా నిలబడే చోటు ఎందుకు కొలిచిందో, మెట్టు చెక్కిన మేస్త్రీ పేరు కనుక్కుని, ఏడో మెట్టు అతను కట్టింది కాదని కాగితం మీద నాచేత ఎందుకు రాయించిందో. నేనేమో అదంతా పిచ్చి అనుకుంటూ ఇన్నేళ్లూ కొస పట్టుకుని ఆవలించాను.

తరవాతి వారం డ్రైవరు మా ఆఫీసుకి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, ఏదో చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచి మూశాడు. పెద్దమ్మ అతనికి ఆ ఇబ్బంది లేకుండా కోప్పడింది. సీటు రెండంగుళాలు కుంగిపోయి ఉంటే ఇన్నేళ్లూ ఎలా కూర్చున్నారని, నడుం నొప్పి లేదా అని నిలదీసింది. ఉందని, వయసు వల్ల అనుకున్నానని అతను గొణిగాడు. పెద్దమ్మ బల్లకింద నుంచి ఒక సంచి తీసింది. అందులో దళసరి బట్టతో కుట్టిన దిండు ఉంది, సరిగ్గా రెండంగుళాల మందం. దాన్ని అతని చేతిలో పెట్టి, కూర్చుని చూసి చెప్పమని పంపేసింది.

నెల తరవాత కమాను లేని గేటులోంచి ఫైరింజను మళ్లీ తనిఖీకి వచ్చింది. ఈసారి నెత్తిన ఏ అడ్డూ లేకుండా ఆవరణలోకి వచ్చి ఆగింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి బండి ముందు మూగి చేతులు ఊపారు. డ్రైవరు కూడా ఊపుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి పెద్దమ్మని పిలిచాడు. నడుం ఎలా ఉందని ఆవిడ అడిగింది.

"నడుం సరేనమ్మా," అన్నాడతను. "ఇన్నేళ్లూ ఏ బడికి వెళ్లినా నాకు బండి ముందు చేతులు మాత్రమే కనిపించేవి. ఇవాళ మొహాలు కూడా కనిపిస్తున్నాయి."